మల్బెక్ రెడ్ వైన్: ఈ పొగడ్తలకు తగ్గ సరుకేనా?

బురుజు_నీడ

మా తోడల్లుడు దుబాయ్ నుంచి వస్తూ శంషాబాద్ డ్యూటీఫ్రీలో మల్బెక్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ రెండు సీసాలు కొని తెచ్చాడు. రెండూ ఒకటే సరుకు. అర్జెంటీనా, మెండోసా రాష్ట్రం, లుహాన్ దె కుయో ప్రాంతం, 2021 పంట, 14.5 శాతం ఆల్కహాల్. తయారీదారు పేరు రాయను. తప్పు ఎవరిదో తేలకుండా ఒకరిని బజారుకు ఈడ్వడం ఎందుకు?

శనివారం రాత్రి మిద్దె మీద కూర్చుని ఒక సీసా తెరిచాం. మే నెల కర్నూలు సంగతి తెలిసిందే, తొమ్మిదైనా గోడలు వేడి కక్కుతూనే ఉన్నాయి. పక్కన నాటుకోడి పులుసు, రాగి సంగటి.

మల్బెక్ గురించి ఎక్కడ చదివినా ఒకటే పాట: ఆలూబుఖారా, నల్ల చెర్రీ, వయొలెట్ పూలు, కోకో, పట్టులాంటి నునుపు. నాకు దొరికింది వేరు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే స్పిరిట్ ఘాటు. దాని వెనక ఉడకబెట్టిన ఎండుద్రాక్ష, కొంచెం ఐస్‌క్రీమ్ వెనిల్లా. నోట్లో మొదటి క్షణం తియ్యగా అనిపించింది, మధ్యలో ఏమీ లేదు, చివర చిగుళ్లకు వగరు పట్టుకుంది, గొంతులో మంట. పులుసు ముద్ద తిని తాగితే ఆ మంట ఇంకా పెరిగింది. పువ్వు జాడ ఎక్కడా లేదు.

ఇదేనా మల్బెక్? సీసా చెడిందా? లేక ఈ పూలూ పళ్లూ రాసేవాళ్లంతా ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారా? రెండో సీసా అలాగే ఉంది. తెరవాలా, ఎవరికైనా అంటగట్టాలా?

ఉగ్గాని_బజ్జి

అంటగట్టడానికి మనిషి కావాలంటే నేనున్నాను. ఆదోని దాకా తెచ్చే పని కూడా లేదు, నేనే వచ్చి తీసుకుంటాను.

టవర్‌క్లాక్

మీ మూడో అనుమానమే నిజం. 2001లో ఫ్రెంచి పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. అదే పనిగా చదువుకుంటున్నవాళ్ల పరిస్థితే అది. ఇంటర్నెట్‌లో ఎవరో వయొలెట్ అన్నాడని మీరు మీ ముక్కును అనుమానిస్తున్నారు. మీకు స్పిరిట్, ఎండుద్రాక్ష తగిలాయంటే అందులో ఉన్నవి అవే.

ఓడ_వంటవాడు

మాది ప్రొద్దుటూరు. విహార నౌకల్లో వైన్ వడ్డించే పని చాలాకాలం చేశాను. తీర్పు చెప్పే ముందు కొన్ని ప్రశ్నలు.

తాగేటప్పుడు వైన్ ఎంత వేడిగా ఉంది? శంషాబాద్ నుంచి కర్నూలుకు సీసా ఎలా వచ్చింది? బిరడా సీసా మూతితో సమానంగా ఉందా, కొంచెం పైకి లేచి ఉందా? బిరడా పక్కల ఎర్రటి చార ఉందా? గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూస్తే అంచు ఊదాగా ఉందా, ఇటుక రంగుకు తిరిగిందా? తడిసిన అట్టపెట్టె వాసన గానీ వెనిగర్ పులుపు గానీ తగిలిందా?

చివరగా, గాజు గ్లాసేనా?

బురుజు_నీడ

గాజు గ్లాసే. జ్యూస్ తాగేది.

వేడి కొలవలేదు, కానీ చల్లబరచలేదు కూడా. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలని చదివాను. అట్టపెట్టె వాసన లేదు, వెనిగర్ లేదు. అంచు మంచి ఊదా రంగు, దాదాపు గులాబీ. బిరడా మాత్రం రేకు తీయగానే కొద్దిగా ఉబ్బి కనిపించింది, ఒక పక్క చార కూడా ఉంది. కారులో ఒక సీసా డిక్కీలో సామాన్ల మధ్య, రెండోది ముందు సీటు కింద ఏసీ గాలిలో వచ్చాయి. ఏది ఏదో ఇప్పుడు చెప్పలేను. జడ్చర్ల దగ్గర భోజనానికి ఆగినప్పుడు కారు ఎండలోనే ఉంది.

ఓడ_వంటవాడు

మీరు తెరిచింది డిక్కీ సీసానే, నాకు అనుమానం లేదు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, పక్కల నుంచి కారుతుంది. తాజా పండు వాసన పోయి ఉడికిన పండు వాసన మిగులుతుంది. మీరు రాసిన ఎండుద్రాక్ష అదే. అంచు ఊదాగానే ఉందంటే వేడి తగిలి ఎక్కువ కాలం కాలేదు, రంగు మారే వ్యవధి దొరకలేదు.

‘గది వేడి’ అన్న మాట యూరప్‌లో రాతి గోడల ఇళ్లవాళ్లది. మల్బెక్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య బాగుంటుంది. మే నెలలో మీ మిద్దె మీద అంతకు దాదాపు రెట్టింపు. రెండో సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, కాస్త చల్లబడ్డాక తీసి, వెడల్పు గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి.

కువైట్_కడప

రాయచోటి నుంచి కువైట్ వెళ్లినవాడిని. అక్కడ మేం రుచి చూసిన ద్రాక్ష రసానికి ఆల్కహాల్ సున్నా శాతం, వయొలెట్ సున్నా, వగరు సున్నా. సీసా మీద రాసింది రాసినట్టే ఉండేది, ఒక్కనాడూ మోసం లేదు. మీ బాధలన్నీ డబ్బులిచ్చి తెచ్చుకున్నవి.

రసాయన_మాస్టారు

టవర్‌క్లాక్ గారూ, ఆ ప్రయోగం నిజమే, మీరు తీసిన తీర్మానంతోనే నాకు పేచీ. కన్ను చూసిన రంగు ముక్కును తన వెంట లాక్కుపోతుందని అది చూపించింది. వైన్‌లో వాసనలే లేవని చూపించలేదు.

వయొలెట్ వాసన కల్పన కాదు. అయొనోన్ అనే పదార్థం ఆ పువ్వులోనూ ఉంది, ద్రాక్షలోనూ ఉంది, ప్రయోగశాలలో కొలవచ్చు. చిక్కు మనుషుల్లో ఉంది. బీటా అయొనోన్ వాసన కొందరికి జన్యువుల వల్లే సరిగా అందదు. అందేవాళ్లకూ వరసగా పీలిస్తే ముక్కు మొద్దుబారి వాసన మాయమవుతుంది, కాసేపాగితే మళ్లీ వస్తుంది. అందుకే ఒకే బల్ల దగ్గర ఒకాయన పువ్వంటాడు, పక్కాయన ఏ పువ్వు అంటాడు.

పైగా మనలో ఎంతమందికి వయొలెట్ తెలుసు? యునానీ వైద్య కళాశాల ఉన్న ఊరివాళ్లు మీరు. జలుబు కషాయంలో వేసే బనఫ్షా వయొలెట్ జాతి పువ్వే. యునానీ మందుల దుకాణంలో అడగండి. అయితే ఎండిన పువ్వులో వాసన చాలా వరకు పోతుంది. దాన్ని పట్టుకుని మల్బెక్‌తో సరిచూడాలని కూర్చోకండి.

ఇక మంట సంగతి. వేడెక్కిన వైన్ నుంచి ఆల్కహాల్ విరివిగా లేచి పండు వాసనలను కప్పేస్తుంది. మిరపకారం నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాలను రేపుతుంది. ఆల్కహాల్ వాటినే మరింత సున్నితం చేస్తుంది. కారంతో పాటు 14.5 శాతం తాగితే గొంతు మండకుండా ఎలా ఉంటుంది?

సీమ_వంటిల్లు

మాస్టారు కారం దగ్గర ఆగిపోయారు. పులుపు సంగతి నేను చెబుతాను.

మా ఇంట్లో నాటుకోడి పులుసులో చింతపండు పడుతుంది, బహుశా మీ ఇంట్లోనూ. చింతపండులో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్. ద్రాక్షలోదీ అదే. కూర పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడుతుంది. “మధ్యలో ఏమీ లేదు” అన్నారు చూడండి, అందులో సగం పాపం పులుసుది. గోంగూర మాంసంతో తాగి ఉంటే ఇంకా నీళ్లలా ఉండేది.

అర్జెంటీనా వాళ్లు మాంసాన్ని నిప్పుల మీద కాలుస్తారు, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ పట్టించరు. కొవ్వు, మాంసకృత్తులు దండిగా ఉంటే వగరు మెత్తబడుతుంది. ఆ తిండికి పుట్టిన వైన్‌ను మన పులుసు పక్కన కూర్చోబెట్టి తప్పు పట్టడం ఏం న్యాయం? కారం తగ్గించి సీకుల మీద కాల్చిన పొట్టేలు మాంసం పెట్టి చూడండి. అంత ఓపిక లేకపోతే ఉప్పు వేసి వేయించిన చెనక్కాయలు చాలు, మన పక్క వాటికి కరువు లేదు. బెల్లం చిక్కీ మాత్రం వద్దు. తీపి తిన్నాక ఏ రెడ్ వైనయినా పుల్లగా, చేదుగా తోస్తుంది.

టవర్‌క్లాక్

అంటే చల్లబరచాలి, గ్లాసు మార్చాలి, కూర మార్చాలి, కారం తగ్గించాలి. ఇంత మర్యాద చేస్తే మా మేనమామ కూడా బాగానే ఉంటాడు.

పెన్నా_ఒడ్డు

బిరడా, డిక్కీ, పులుసు కాసేపు పక్కన పెడదాం. నేను బెంగళూరులో పనిచేస్తాను, ఊరు తాడిపత్రి. సరిగ్గా నిల్వ ఉంచిన మల్బెక్ సీసాలు సరైన చల్లదనంలో తాగాను. మధ్య ధర సరుకు మీద నా ఫిర్యాదు బురుజు_నీడ గారిదే.

మొదటి గుక్క ఆకట్టుకుంటుంది. రంగు గొప్పగా ఉంటుంది, నల్లటి ఊదా, గ్లాసు ఊపితే అంచున మెజెంటా మెరుపు. బాగా పండిన ఆలూబుఖారా, పైన వెనిల్లా. రెండో గుక్కలో కొత్తగా ఏదీ రాదు. మూడోదానికి వెనిల్లా ఒక్కటే మిగులుతుంది. ఆ వెనిల్లా ద్రాక్షది కాదు, ఓక్ చెక్కది. ఖరీదైన వైన్‌ను 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. చవకైన దాంట్లో స్టీలు ట్యాంకులోనే ఓక్ ముక్కలు వేస్తారు. రెండోది నాలుక మీద విడిగా తేలిపోతుంది. ముందు తీపి భ్రమ, వెనక చెక్క వగరు, నడుమ ఖాళీ.

తీపి భ్రమ అని ఎందుకంటున్నానంటే ఇవి ఎక్కువగా డ్రై వైన్లే, చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారిపోయి ఉంటుంది. పండు మరీ ముదిరితే మనకు తియ్యగా తోస్తుంది. అంతదాకా ఆగి కోస్తే చక్కెర పెరిగి ఆల్కహాల్ 14.5కు చేరుతుంది, పులుపు పడిపోతుంది. నడుమ వైన్‌ను నిలబెట్టే ఎముక పులుపు. అది లేకపోతే మీరు రాసిన ఖాళీయే మిగిలేది.

ఓడ_వంటవాడు

మధ్య ధర సరుకు చూపించి జాతినంతా తిడుతున్నారు. లుహాన్ దె కుయో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి దక్షిణాన ఊకో లోయలో తోటలు 1,500 మీటర్ల దాకా ఎక్కుతాయి. రాత్రి చలికి పులుపు నిలుస్తుంది, ఎత్తులో ఎండ తీక్షణతకు తొక్క మందమవుతుంది. మెండోసా వైన్ తయారీదారు నికొలాస్ కతేనా 1992లో ఆ లోయలోని గ్వాల్తాయారిలో, దాదాపు 1,500 మీటర్ల దగ్గర, తోట వేస్తే అక్కడ ద్రాక్ష పండదన్నారు. ఇప్పుడు అర్జెంటీనాలో పేరున్న మల్బెక్ ఆ చుట్టుపక్కలే పండుతోంది.

ఊకో సీసాలు వడ్డించినప్పుడు నేను రాసుకున్నది: తాజా నేరేడు, నల్ల మిరియం ఛాయ, పూల వాసన సన్నగా, నాలుక మీద సుద్ద పొడిలాంటి గరుకు, చివర పులుపు నోరూరిస్తూ చాలాసేపు నిలిచింది. నడుమ ఖాళీ అన్న మాటే పుట్టదు.

పెన్నా_ఒడ్డు

ఊకో బాగుంటుందని ఒప్పుకుంటాను. ధర చెప్పకుండా పొగడడమే ఒప్పుకోను. అర్జెంటీనా వైన్ మామూలు దారిలో దేశంలోకి వస్తే కస్టమ్స్ సుంకమే 150 శాతం, ఆపైన రాష్ట్రం పన్నులు. అక్కడ సామాన్యుడు బల్ల మీద పెట్టుకునే సీసా ఇక్కడ పెళ్లిరోజు సీసా అవుతుంది. ఆ ధర పెట్టిన మనిషికి రుచి కూడా ఆ స్థాయిలో ఉండాలని ఆశ ఉంటుంది కదా. ఈ చర్చ మొత్తం ఆ ఆశాభంగం మీదే నడుస్తోంది.

ఉగ్గాని_బజ్జి

ఆశాభంగం ఎంతకు వస్తుందో ఎవరైనా ధర చెప్పండి.

నిర్వాహకులు

రుచి గురించి ఎంతైనా రాయండి. ఎక్కడ చవక, సరిహద్దు చెక్‌పోస్టు ఎలా దాటించాలి అన్న పోస్టులు తీసేస్తాం, ఇప్పటికే రెండు తీసేశాం. రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. టవర్‌క్లాక్ గారు మేనమామను ఇక వదిలేయాలని మనవి.

చీనీతోట

అనంతపురం జిల్లా రైతును. తాగను, కానీ ద్రాక్ష అంటే ఆగలేను. మా నాన్న కాలంలో మాకు అనాబ్-ఎ-షాహి పందిరి ఉండేది, తర్వాత థామ్సన్ సీడ్‌లెస్ వేశాం, ఇప్పుడు చీనీ.

మెండోసా గురించి చదివితే మన ఊరి కథే అనిపించింది. మనం పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్నాం, వాళ్లు ఆండీస్ వెనక. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, వాళ్లకు 200 దరిదాపు. కానీ వాళ్లకు పైన మంచు కొండ ఉంది. కరిగిన నీరు కాలువల్లో తోటకు వస్తుంది. మనం బోరు వేసి దేవుణ్ని తలచుకుంటాం. వాళ్ల భయం వడగండ్లు, తోటల మీద వలలు కప్పుతారు.

అసలు తేడా చలిలో ఉంది. అక్కడ శీతకాలంలో తీగ నిద్రపోతుంది. మన వైపు తీగకు నిద్ర లేదు, అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. కాయ ఫిబ్రవరి, మార్చి ఎండల్లో పండుతుంది. పెన్నా_ఒడ్డు అన్నా, నువ్వు పులుపు పడిపోతుందన్నావు చూడు, వెచ్చటి రాత్రుల్లో కాయ తన పులుపును తానే ఖర్చు చేసుకుంటుంది. అది రైతుకు చేతిలో లేని పని.

మల్బెక్ వాళ్ల సొంత బిడ్డ కాదు కదా, ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్నదేనా?

రసాయన_మాస్టారు

అవును. 1853లో మిషెల్ ఎమె పూజె అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడి ఆధ్వర్యంలో మెండోసాలో వ్యవసాయ క్షేత్రం పెట్టాలని సర్మియెంతో పట్టుబట్టాడు. ఈ సర్మియెంతోయే తర్వాత అర్జెంటీనా అధ్యక్షుడయ్యాడు. మల్బెక్ ఆ పూజె తెచ్చిన తీగల్లో ఒకటి. ఏప్రిల్ 17ను ప్రపంచ మల్బెక్ దినోత్సవం అనడం ఆ క్షేత్రం ప్రతిపాదన తేదీని బట్టే.

పుట్టిల్లు నైరుతి ఫ్రాన్స్, కాయోర్ ప్రాంతం. అక్కడ దీన్ని కో అంటారు. తల్లి తీగ మద్‌లెన్ న్వార్ దె షారంత్, తండ్రి ప్రునెలార్. మెర్లో అనే మరో ద్రాక్షకు కూడా తల్లి ఆ మద్‌లెనే, అంటే ఇద్దరూ సవతి తోబుట్టువులు. బోర్డోలో ఒకప్పుడు మల్బెక్ బాగానే ఉండేది, 1956 మంచు దెబ్బకు చాలా తోటలు చచ్చిపోతే మళ్లీ వేయలేదు.

పెన్నా_ఒడ్డు

పుట్టింటి సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మల్బెక్ మీద నాకు నమ్మకం కుదిరింది కాయోర్ తాగాకే. అక్కడి నియమం ప్రకారం వైన్‌లో కనీసం 70 శాతం మల్బెక్ ఉండాలి, మిగతాది మెర్లో, తనా అనే ద్రాక్షలు. పాతకాలంలో దాన్ని నల్ల వైన్ అనేవారు. నేను తాగిన సీసా అర్జెంటీనా సరుకులా ఎదురొచ్చి కౌగిలించుకోలేదు. మొదట ముఖం చిట్లించేంత వగరు, నేరేడు గింజ కొరికినట్టు. గంటసేపు జాడీలో పోసి ఉంచాక తడి మట్టి, ఎండిన ఆకు, ఇనుము, అడుగున పుల్లటి నల్ల పండు. తీపి భ్రమ అసలు లేదు. కొవ్వు ఉన్న మాంసంతో అది తాగితే రెండోదాని మొహం చూడబుద్ధి కాదు.

ఓడ_వంటవాడు

ఓడలో కాయోర్ తెరిచి ఇస్తే వెనక్కి పంపినవాళ్లను చాలామందిని చూశాను. “ఇది చెడిపోయింది” అనేవారు. చెడలేదు, దాని స్వభావం అంత. మీ నోటికి వగరు ఇష్టం, అందరి నోరూ అలాంటిది కాదు. మీ ఇష్టాన్ని నాణ్యతకు కొలబద్ద చేయకండి.

పెన్నా_ఒడ్డు

నచ్చడం వేరు, గొప్పదనం వేరు, నాకు తెలుసు. వెనక్కి పంపినవాళ్ల లెక్కను మీరు కొలబద్ద చేస్తున్నారు, నేను రెండో గుక్కను చేస్తున్నాను. అంతే తేడా.

కువైట్_కడప

కాయోర్ నేల ఎలాంటిదో?

రసాయన_మాస్టారు

లోత్ నది ఒడ్డున మెట్లు మెట్లుగా ఒండ్రు, గులకరాయి. పైన పీఠభూమి మీద సున్నపురాయి.

కువైట్_కడప

సున్నపురాయేనా! మా ఇంట్లో నేలంతా కడప బండలే, మిగిలినవి పెరట్లో పేర్చి ఉన్నాయి. చీనీతోట అన్నా, నాలుగు మల్బెక్ మొక్కలు పంపు.

చీనీతోట

బండ మీద తీగ పాకించడం మీ కడపవాళ్లకే సాధ్యం.

నవ్వులాట కాదు గానీ, మనకు దూరం కాని చోటే వైన్ ద్రాక్ష పండిస్తున్నారు. హంపి కొండల దగ్గర కృష్మా ఎస్టేట్స్ ఉంది, తెలుగు దంపతులదే. వాళ్లు ఎంచుకున్నవి కాబర్నే సావిన్యాన్, సాంజొవేసె, సిరా లాంటివి. ఎండకు ఓర్చేది ఏదో వాళ్లు చూసుకునే వేసి ఉంటారు. టేబుల్ ద్రాక్షకు గుత్తి పెద్దదిగా, కాయ లావుగా ఉండాలి. వైన్‌కు చిన్న కాయ, మందపు తొక్క. మన రైతు చేతికి అలవాటైన పని దానికి తలకిందులు.

టవర్‌క్లాక్

ఒక ఎకరం వేసి చూడు అన్నా. పేరు నేను పెడతాను.

చీనీతోట

పేరు తర్వాత, ముందు కొనేవాడిని చూపించు.

బురుజు_నీడ

రెండో సీసా నిన్న తెరిచాను. బిరడా మూతితో సమానంగా ఉంది, పక్కల చార లేదు. ఫ్రిజ్‌లో కొంతసేపు పెట్టి తీశాను. అన్నం, కూర ఏదీ లేకుండా ముందు వట్టిగా రుచి చూశాను, తర్వాత వేయించిన చెనక్కాయలతో, ఆపైన కారం తగ్గించి కాల్చిన మాంసంతో.

వాసన పూర్తిగా వేరు. స్పిరిట్ ఘాటు వెనక్కి పోయింది. ముందుగా వచ్చింది నేరేడు, మా ఊరి సంతలో ఉప్పు చల్లి ఇచ్చే నేరేడు, ఆ ఉప్పదనం సహా. కొంచెం ఆలూబుఖారా. గ్లాసు పక్కన పెట్టి కాసేపాగి మళ్లీ పీలిస్తే సబ్బులాంటి పూల వాసన ఒకటి తగిలి వెంటనే పోయింది. మాస్టారు చెప్పిన అయొనోన్ అదే అయితే సరే. మా తోడల్లుడికి అది ఎంతకీ అందలేదు, నేను కల్పిస్తున్నానన్నాడు.

నోట్లో వగరు ఉంది, గరుకు లేదు. చెనక్కాయలతో అది ఇంకా మెత్తబడింది, మాంసంతో దాదాపు మాయమైంది. సీమ_వంటిల్లు అక్క మాట నిలిచింది.

కానీ పెన్నా_ఒడ్డు గారి ఫిర్యాదు కూడా నిలిచింది. వెనిల్లా ఎక్కడికీ పోలేదు, వేడెక్కేకొద్దీ పెరిగింది. నడుమ ఖాళీ మొదటి సీసా అంత లేదు గానీ ఉంది. ముందూ వెనకా గట్టిగా పలికి మధ్యలో నసుగుతుంది. రెండో గ్లాసులో కొత్తగా చెప్పడానికి ఏమీ దొరకలేదు. చెడ్డ వైన్ కాదు. ఇంత వర్ణనకు తగ్గది కూడా కాదు. డ్యూటీఫ్రీ ధరకు సగం ఇస్తాను.

ఓడ_వంటవాడు

నిజాయితీగా రాశారు. సబ్బు వాసన అన్నారు చూడండి, వయొలెట్‌ను మొదటిసారి పట్టినవాళ్లు చాలామంది అదే మాట అంటారు. సగం ధర అన్నది మాత్రం ఒప్పుకోను, ముప్పావు ఇవ్వండి. తర్వాత కొనేటప్పుడు ఊకో లోయ అని రాసి ఉన్నది, మర మూత ఉన్నది దొరికితే చూడండి. మర మూత చౌక సరుకు గుర్తేమీ కాదు. కారు డిక్కీలో మాత్రం ఏదీ పెట్టకండి.

టవర్‌క్లాక్

సబ్బు వాసనకు ముప్పావు ధర. రాసి పెట్టుకుంటున్నాను.

ఒక్కటి అడుగుతాను. బురుజు_నీడ గారూ, రెండు సీసాలనూ కళ్లకు గంతలు కట్టుకుని రుచి చూశారా? ఇది మంచి సీసా అని మీకు ముందే తెలుసు, బిరడా చూశారు. నా 54 మంది ఇంకా ఇక్కడే ఉన్నారు.

రసాయన_మాస్టారు

ఈసారి మీతో ఏకీభవిస్తున్నాను. పోల్చాలంటే రెండూ పక్కపక్కన, ఒకే చల్లదనంలో, ఏది ఏదో తెలియకుండా వేరొకరు పోసి ఇవ్వాలి. అయితే మొదటి సీసా బిరడా మాత్రం ఎవరి నమ్మకం వల్లా ఉబ్బలేదు.

బురుజు_నీడ

మొదటిది అదే రాత్రి ఖాళీ అయిపోయింది మాస్టారూ, తిడుతూనే తాగేశాం. రెండోది సగం మిగిలి ఫ్రిజ్‌లో ఉంది. సీమ_వంటిల్లు అక్కా, దీన్ని మాంసం కూరలో పోయవచ్చా?

సీమ_వంటిల్లు

పోయవచ్చు గానీ చింతపండు పూర్తిగా మానేసి, ఉల్లిపాయలు బాగా వేగాక పోసి, ఘాటు పోయేదాకా మూత లేకుండా మరిగించాలి. ధనియాలు, గసగసాలు దంచి వేసే మన మసాలా అయితే వద్దు, మిరియాలు, వెల్లుల్లితో ఆపండి. వెనిల్లా ఎక్కువ ఉందన్నారు, అది కూరలోకి దిగితే పిల్లలు ముద్ద దగ్గరే పసిగడతారు. నేనైతే పోయను, బిరడా బిగించి పెట్టి రెండు మూడు రోజుల్లో చెనక్కాయలతో ముగించేస్తాను.